పిత్తనాళ క్యాన్సర్ ట్రయల్ ఫలితం చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: ఆ నెలల లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొదటి పాఠంలో పైత్యరసం లివర్లో పుట్టి ఏ దారిన పేగులోకి దిగుతుందో, ఆ దారిలో ఎక్కడ గడ్డ వస్తే ఏ పేరు పెడతారో చూశాం. రెండో పాఠంలో పేషెంట్లని రెండు గుంపులుగా లాటరీ పద్ధతిలో ఎందుకు విడదీస్తారో చూశాం. ఇవాళ్టిది కాస్త పెద్ద పాఠం. గ్రాఫు పేపరు, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. కాలిక్యులేటర్ ఫోన్లో ఉన్నది సరిపోతుంది.

నరసన్నపేట నుంచి నర్సింగ్ చదువుతున్న ఒకమ్మాయి రాసింది. వాళ్ళ మావయ్యకి పిత్తనాళంలో గడ్డ, ఆపరేషన్‌కి వీలు కాదన్నారు, కీమో పెడితే పదకొండు నెలలు అని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి అత్త గోడ మీది క్యాలెండర్లో నెలలు లెక్కపెట్టుకుంటోందట. "మాస్టారూ, ఆ పదకొండు ఎక్కణ్ణుంచి వచ్చింది? మావయ్యని చూసి చెప్పిందేనా?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఆ అంకె మావయ్యని చూసి చెప్పింది కాదమ్మా. దాని వెనక ఒక శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది, ఈ పాఠమంతా ఆ పని వెంటే నడుద్దాం.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ అనే ఊళ్ళో క్రిస్టీ అని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసిన హువాన్ వాలే అనే డాక్టరు ఈ పిత్తనాళ, పిత్తాశయ క్యాన్సర్ల మీదే పరిశోధన పెట్టుకున్నాడు. 2000 దశకం మొదట్లో ఈ జబ్బు ముదిరాక ఏ కీమో ఇవ్వాలన్నదాని మీద గట్టి ఆధారం లేదు, ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చేవాళ్ళు. కారణం తేలికే. జబ్బు అరుదు, ఏ ఒక్క ఆసుపత్రికీ లెక్కకి సరిపడా పేషెంట్లు రారు. అందుకని ముందు 86 మందితో ఏబీసీ-01 అనే చిన్న ట్రయల్ చేశారు. జెమ్‌సిటబిన్ ఒక్కటే ఇస్తే ఎలా ఉంది, దానికి సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తే ఎలా ఉంది అన్నదే అందులో ప్రశ్న. కలిపిన గుంపులో జబ్బు పెరగడం ఆలస్యమైందని కనబడగానే అక్కడితో సంబరపడి ఆపేయలేదు, అదే ట్రయల్‌ని ఏబీసీ-02గా పెంచి 37 ఆసుపత్రుల నుంచి మొత్తం 410 మందిని చేర్చారు. 2010లో ఫలితం అచ్చయింది. జెమ్‌సిటబిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళకి 8.1 నెలలు, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళకి 11.7 నెలలు. అప్పటి నుంచి పదేళ్ళకి పైగా ప్రపంచమంతా ఇదే మొదటి వైద్యం. మావయ్యకి చెప్పిన పదకొండు చాలా మటుకు ఇక్కడిదే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 11.7 అన్నది మీడియన్. బడిలో ప్రార్థనకి పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలబడ్డ పిల్లాడి ఎత్తు ఎంతో, అదీ మీడియన్. వాడికి అటు సగం మంది, ఇటు సగం మంది ఉంటారు. అంటే ఆ గుంపులో సగం మంది 11.7 నెలలు దాటి బతికారు. మిగతా సగం మంది అంతకంటే ముందే పోయారు, అదీ దాచకూడదు. దాటినవాళ్ళు ఎంత దూరం దాటారో ఈ అంకె చెప్పదు, రాలిపోయినవాళ్ళు ఎంత తొందరగా పోయారో కూడా చెప్పదు. కాబట్టి దీన్ని గడువు తేదీలా ఎవరికీ చెప్పకూడదు, క్యాలెండర్ మీద గీత పెట్టుకోవడానికి అసలే పనికిరాదు.

మరి అంకె కాకపోతే ఏం చూడాలి? గీత చూడాలి. 1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మేయర్ కలిసి అచ్చువేసిన పద్ధతి ఇది. మేయర్‌కి క్యాన్సర్ రోగుల లెక్క కావాలి, కాప్లాన్‌కి సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ కేబుళ్ళలోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్ళు పనిచేస్తాయో కావాలి. ఇద్దరూ విడివిడిగా దాదాపు ఒకే పద్ధతి రాసి ఒకే పత్రికకి పంపితే, కలిపి ఒకటిగా రాయమన్నారు. ఇప్పుడు ఏ క్యాన్సర్ పేపరు తెరిచినా వీళ్ళ గీతే కనిపిస్తుంది.

ఒకసారి చేత్తో గీస్తే జన్మలో మరిచిపోరు, గీద్దాం. కింద అడ్డంగా నెలలు, 0 నుంచి 20 దాకా. నిలువుగా శాతం, 0 నుంచి 100 దాకా. ఇది నేను అభ్యాసం కోసం కల్పించిన లెక్క, ఏ ట్రయల్‌దీ కాదు. పదిమంది పేషెంట్లు అనుకోండి. రెండో నెలలో ఒకరు పోయారు. పదిలో తొమ్మిది మిగిలారు, గీత 100 నుంచి 90కి దిగింది. మూడో నెలలో ఒకాయన కొడుకు దగ్గరికి చెన్నై వెళ్ళిపోయాడు, ఫోను ఎత్తడం లేదు, బతికున్నాడో లేదో తెలీదు. ఇక్కడ చాలామంది తడబడతారు. ఆయన్ని పోయినవాళ్ళలో కలిపితే అన్యాయం, చివరిదాకా బతికాడని రాస్తే అబద్ధం. అందుకని గీత దించకుండా ఆ చోట చిన్న నిలువు గాటు పెట్టి, అక్కణ్ణుంచి ఆయన్ని లెక్కలోంచి తీసేస్తాం. ఇక లెక్కలో ఎనిమిదిమంది. ఐదో నెలలో ఒకరు పోయారు, అంటే ఎనిమిదిలో ఏడుగురు మిగిలారు. 90ని 7తో గుణించి 8తో భాగిస్తే 78.75. ఆరో నెలలో ఇంకొకరు, ఏడుగురిలో ఆరుగురు మిగిలారు, గీత 67.5కి దిగింది. ఎనిమిదో నెలలో ఇద్దరు పోయారు, ఆరుగురిలో నలుగురు, 45. తొమ్మిదో నెల తర్వాత ఒకరి సమాచారం లేదు, మళ్ళీ గాటు, ముగ్గురు మిగిలారు. పద్నాలుగో నెలలో ఒకరు పోయారు, ముగ్గురిలో ఇద్దరు, 30. ఆ ఇద్దరూ ఇరవయ్యో నెలలో కూడా ఉన్నారు.

ఇప్పుడు 50 శాతం దగ్గర స్కేలు అడ్డంగా పెట్టండి. గీత 67.5 నుంచి 45కి దిగినప్పుడు దాన్ని దాటింది, అంటే మీడియన్ ఎనిమిది నెలలు. ఈ పేపరు చూసి ఎవరైనా "ఎనిమిది నెలలు" అని చెప్పేస్తే, ఇరవయ్యో నెల దగ్గర 30 శాతం మీద సాగుతున్న ఆ గీత వినేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. ఈ ఒక్క సంగతి కోసమే ఈ పాఠం రాస్తున్నాను.

అయితే గీత కుడి చివర సాగే ఆ తోక మీద మరీ ఆశ పెట్టుకోవడం కూడా తప్పే. మన గీత చివర 30 శాతం అన్నది ఇద్దరు మనుషుల మీద నిలబడింది, అందులో ఒకరు పోతే 15కి పడిపోతుంది. అందుకే మంచి పేపర్లలో గ్రాఫు కింద చిన్న అక్షరాలతో ఒక వరుస ఉంటుంది, ఏ నెలకి ఎంతమంది ఇంకా లెక్కలో ఉన్నారో చెప్పే అంకెలు. నేను ఏ పేపరు తెరిచినా ముందు కళ్ళు అక్కడికే పోతాయి. కుడి చివర అంకెలు చాలా చిన్నవైతే ఆ భాగం గీతని గట్టిగా నమ్మొద్దు.

వాలే చివరి రచయితగా ఉన్న టోపాజ్-1 ట్రయల్‌లో ఇది చక్కగా కనబడుతుంది. దాన్ని ముందుండి నడిపింది సియోల్‌కి చెందిన డాక్టర్ దో-యున్ ఓ. 685 మంది, అందరికీ ఏబీసీ-02లో గెలిచిన రెండు మందులూ ఇచ్చారు, సగం మందికి దుర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ, అంటే ఒంటి రక్షణ శక్తినే గడ్డ మీదికి పంపే మందు, కలిపారు. 2022లో వచ్చిన ఫలితంలో మీడియన్ 11.5 నుంచి 12.8కి పెరిగింది. నెలా పది రోజులకా ఇంత ఖర్చు అని పెదవి విరిచినవాళ్ళున్నారు. గీత చూడండి. మొదటి ఆరు నెలలూ రెండు గీతలూ కలిసే నడుస్తాయి, తర్వాతే విడిపోతాయి. రెండేళ్ళ దగ్గర స్కేలు నిలువుగా పెడితే దుర్వాలుమాబ్ కలిపినవాళ్ళలో 24.9 శాతం ఇంకా ఉన్నారు, కలపనివాళ్ళలో 10.4. అంటే ఆ మందు అందరికీ తలా కొంచెం ఇవ్వలేదు, కొందరికి చాలా ఇచ్చింది. ఎవరికి ఇస్తుందో ముందే చెప్పగలిగితే ఎంత బాగుండునో, ఇప్పుడు ఈ రంగంలో పరిశోధకుల తాపత్రయం చాలావరకు అదే. ఇంకొన్ని నెలలు గమనించాక అవే అంకెలు 23.6, 11.5గా మారాయి. తోక కదులుతుందని చెప్పానే, ఇదే అది. కదిలినా తేడా నిలబడింది, అందుకే దీన్ని నమ్ముతున్నాను.

హజార్డ్ రేషియో గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, దానికి తర్వాత వేరే పాఠం ఉంది. ఏబీసీ-02లో అది 0.64. దీన్ని "36 శాతం మంది బతికిపోయారు" అని చదివేవాళ్ళు చాలామంది, అది తప్పు. ఒకే సమయంలో రెండు గుంపుల్లో ప్రాణాలతో ఉన్నవాళ్ళని పోల్చితే, కొత్త గుంపులో మరణాల వేగం పాత గుంపు వేగంలో 64 శాతం ఉందని మాత్రమే అర్థం. ఒకటి కంటే తగ్గితే కొత్త మందుకి మేలు, ప్రస్తుతానికి అంతవరకు చాలు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు బాగా పట్టించుకోవలసింది ఇంకోటుంది, ట్రయల్‌లోకి ఎవర్ని రానిచ్చారు అన్నది. ఏబీసీ-02లో చేరాలంటే లేచి తిరుగుతూ తన పని తను చేసుకోగలగాలి, రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగి ఒళ్ళు పచ్చబరిచే పదార్థం) మామూలు పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మన దగ్గర ఏం జరుగుతుంది? కళ్ళు పచ్చబడితే ముందు పసరు పోయిస్తారు, పత్యం పెడతారు, వారాలు గడుస్తాయి, ఒళ్ళంతా దురద, మలం సున్నంలా తెల్లగా వస్తుంది, అప్పుడు ఫైలు పట్టుకుని విశాఖ బస్సెక్కుతారు. అప్పటికి బిలిరుబిన్ పది దాటి ఉంటే, ముందు స్టెంటు అనే చిన్న గొట్టం వేసి పైత్యరసానికి దారి తెరిచి అది దిగేదాకా ఆగాలి, అప్పుడే కీమో మాట. ఆ మనిషికి 11.7 అంకె నేరుగా వర్తించదు. నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా ఉంటే అదే వారం పొట్ట స్కానింగ్ చేయించమని మీ చుట్టుపక్కల అందరికీ చెప్పండి. ఈ మాట పాఠానికి బయటిదనిపించినా చెప్పకుండా ఉండలేను.

గడ్డ ఎక్కడిదన్నది కూడా చూసుకోండి. ఏబీసీ-02లో 410 మందిలో 149 మందిది పిత్తాశయం, మిగతావాళ్ళవి ఎక్కువగా పిత్తనాళాలు. మన దేశంలో పిత్తాశయం క్యాన్సర్ గంగ ఒడ్డు రాష్ట్రాల్లో బాగా ఎక్కువ, దాని మీద ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్ళు చేసిన ట్రయల్ కూడా 2010లోనే వచ్చింది. 81 మందే అయినా అందరూ మనవాళ్ళు. కీమో లేకుండా బాధ తగ్గించే వైద్యం మాత్రమే పొందినవాళ్ళ మీడియన్ 4.5 నెలలు, జెమ్‌సిటబిన్‌తో ఆక్సాలిప్లాటిన్ కలిపి పొందినవాళ్ళది 9.5. మన ఇళ్ళ సంగతి మాట్లాడేటప్పుడు ఇలాంటివి ముందు వెతకండి.

ఇక ఇంటిపని. ఏబీసీ-02 మందులు పనిచేయడం ఆగిపోయాక ఏం ఇవ్వాలన్న ప్రశ్నతో వాలే, ఆయనతో పనిచేసిన ఏంజెలా లమార్కా కలిసి ఏబీసీ-06 చేశారు, 2021లో అచ్చయింది. 162 మంది. లక్షణాలకి వైద్యం మాత్రమే అందినవాళ్ళ మీడియన్ 5.3 నెలలు, దానికి ఫోల్‌ఫాక్స్ కీమో కలిపినవాళ్ళది 6.2. ఆరో నెలకి ప్రాణాలతో ఉన్నది 35.5 శాతం, 50.6 శాతం. పన్నెండో నెలకి 11.4, 25.9. ఒకే గ్రాఫు మీద రెండు రంగుల్లో ఈ చుక్కలన్నీ పెట్టి కలపండి. మీడియన్ తేడా నెల కూడా లేదు కదా, మరి ఏడాది దగ్గర రెండు చుక్కల మధ్య ఎంత ఎడముందో స్కేలుతో కొలవండి. ఆ తర్వాత, ఇంట్లో పెద్దాయనకి ఈ కీమో పెట్టించాలా వద్దా అని అడుగుతున్న కొడుక్కి ఈ గ్రాఫు చూపించి ఏం చెబుతారో నాలుగు వాక్యాల్లో రాయండి, నెలల అంకె ఒక్కటి కూడా వాడకుండా. నాలుగో పాఠం ఆ వాక్యాలతోనే మొదలుపెడదాం.