రెండు మూడు మానిటర్లు బిగించే ముందు: ఆర్మ్ కొనాలా, స్టాండు చేయించుకోవాలా?

మానిటర్ ఆర్మ్ (టేబుల్ అంచుకు బిగిస్తే మానిటర్‌ను గాల్లో పట్టి ఉంచే, కీళ్లున్న చేయిలాంటిది) ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి టేబుల్ కిందికి వంగి చూడండి. పలక మందం ఎంత, దేనితో చేశారు, వెనక అంచు కింద ఇనుప పట్టీ ఏమైనా అడ్డం ఉందా? ఈ మూడూ చూసుకోకుండానే నేను రెండు మానిటర్లు మోసే ఆర్మ్ బిగించేశాను. టేబుల్ పైకి గట్టిగా కనిపించింది కానీ లోపల పార్టికల్ బోర్డు. కొన్ని వారాలకు క్లాంప్ (ఆర్మ్‌ను టేబుల్ అంచుకు బిగించే పట్టు) కింద పలక నలిగి, ఆర్మ్ ముందుకు వాలింది. ఆ సమయానికి నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను కాబట్టి రెండు చేతులతో పట్టుకోగలిగాను. పక్క గదిలో ఉండి ఉంటే రెండు మానిటర్లూ నేల మీద ఉండేవి.

ఎందుకిలా అవుతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. 5 కిలోల మానిటర్‌ను క్లాంప్ నుంచి 50 సెంటీమీటర్లు ముందుకు లాగారనుకోండి. క్లాంప్ పలకను పట్టుకునే లోతు 8 సెంటీమీటర్లే అయితే, ఆ కొద్ది చోటు మీద సుమారు 30 కిలోల ఒత్తిడి పడుతుంది. పైనుంచి ఒకచోట, కిందనుంచి ఇంకోచోట పలకను నలిపేస్తుంది. మంచి 18 మి.మీ. ప్లైవుడ్ ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. పొడి అతికించి నొక్కిన పార్టికల్ బోర్డు నెమ్మదిగా లోపలికి దిగిపోతుంది. టేబుల్ అదే ఉంచుకోవాలంటే క్లాంప్‌కి పైనా కిందా ఇనుప ప్లేట్లు వేయండి. దొరక్కపోతే 30 సెంటీమీటర్ల పొడవు ప్లైవుడ్ ముక్క కిందివైపు పెట్టి బిగించినా ఒత్తిడి పరుచుకుంటుంది. గాజు టేబుల్‌కి మాత్రం ఏ ప్లేటు వేసినా సరే, క్లాంప్ పెట్టొద్దు. గ్రానైట్ పలక అంచుకు కూడా నేనైతే పెట్టను.

ఇక కొనాలా, చేయించుకోవాలా అన్న ప్రశ్న. నా అభిప్రాయం స్పష్టం. కదిలేది కొనుక్కోండి, కదలకుండా ఒకేచోట ఉండేది చేయించుకోండి. పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరిగే కీళ్లు, గ్యాస్ స్ప్రింగ్ (లోపలి గ్యాస్ ఒత్తిడితో మానిటర్ బరువు మోసే సిలిండర్) ఇంట్లో తయారుచేసేవి కావు. రెండు మానిటర్లు పక్కపక్కన ఏడాదంతా అలాగే ఉండిపోయేవైతే, వాటికోసం ఖరీదైన ఆర్మ్ ఎందుకు? వెల్డింగ్ షాపులో ఒక నిలువు ట్యూబు, ఒక అడ్డ ట్యూబు, కింద కాళ్లు, మానిటర్లు తగిలించడానికి రెండు ప్లేట్లు చాలు.

కొనేవాళ్లు బరువు దగ్గర ఎక్కువగా పొరపడతారు. గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్‌కి 2 నుంచి 9 కిలోలు అని రాసి ఉంటే, పై హద్దు ఎంత ముఖ్యమో కింది హద్దూ అంతే ముఖ్యం. మరీ తేలికైన మానిటర్ పెడితే దించిన చోట నిలవదు, తనంతట తానే పైకి లేస్తుంది. బరువు చూసేటప్పుడు స్టాండు లేకుండా మానిటర్ బరువెంతో చూడండి, స్పెసిఫికేషన్లలో అది విడిగా ఇస్తారు. 34 అంగుళాల వంపు మానిటర్ అయితే బరువు సరిపోయినా దాని ముందు భాగం బరువు ఆర్మ్ చివర మానిటర్‌ను పట్టుకునే మెడ కీలు మీద పడి, మానిటర్ ముందుకు తల వాల్చేస్తుంది. అలాంటిదానికి, మానిటర్ బరువు పై హద్దుకు దగ్గరగా వచ్చే ఆర్మ్ తీసుకోవద్దు.

అన్నిటికన్నా ప్రమాదం మానిటర్ విప్పేటప్పుడు. బరువు తీసేయగానే స్ప్రింగ్ ఆర్మ్‌ను ఒక్కసారిగా పైకి విసురుతుంది. ముఖం దగ్గరుంటే గట్టి దెబ్బే. అందుకే ఆర్మ్‌ను ముందే పూర్తిగా పైకి లేపి, ఆ తర్వాత మానిటర్ విప్పండి. గ్యాస్ సిలిండర్‌ను తెరవడం, దానికి డ్రిల్ వేయడం అసలు చేయొద్దు.

మానిటర్ వెనక నాలుగు మర చిల్లులు ఉన్నాయో లేదో చూసుకోండి. మామూలు సైజుల్లో చిల్లుల మధ్య దూరం 75 లేదా 100 మి.మీ. ఉంటుంది. దీన్నే వెసా కొలత అంటారు. వాటికి పట్టేది ఎం4 స్క్రూ. ఇక్కడ పొడవు జాగ్రత్త. ప్లేటు మందం పోగా స్క్రూ చిల్లులోకి 6 నుంచి 8 మి.మీ. దిగితే సాధారణంగా సరిపోతుంది. ఇంకా పొడవైనది వేసి బలవంతంగా తిప్పితే లోపలి బోర్డు పాడవుతుంది. చేత్తోనే బిగించండి, డ్రిల్ మెషీన్‌తో వద్దు.

చేయించుకునేవాళ్లు ముందు కాగితం మీద కొలతలు వేసుకోండి. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. మూడు పెడితే దాదాపు 160 అవుతుంది, నాలుగడుగుల టేబుల్ 122 మాత్రమే. పక్కవి రెండూ మీవైపు తిప్పినా కొంత బయటికి వస్తాయి. వెసా చిల్లులు చాలా మానిటర్లకు సరిగ్గా మధ్యలో ఉండవు, కాబట్టి చిల్లుల మధ్య నుంచి పై అంచుకు ఎంత, కింది అంచుకు ఎంత అని ప్రతి మానిటర్‌కీ విడిగా కొలవండి. స్క్రీన్ పై అంచు మీ కంటి ఎత్తుకు సమంగానో కాస్త కిందనో రావాలి.

వెల్డింగ్ షాపులో 25 మి.మీ. చదరపు ట్యూబు, 3 మి.మీ. మందం ప్లేటు అడగండి. ప్లేటుకు గుండ్రటి చిల్లుల బదులు నిలువుగా సెంటీమీటరు పొడవున్న గాడి వేయించండి. రెండు మానిటర్ల అంచులు ఒకే వరసలో తేవాలంటే ఆ కాస్త జరిగే వీలు ఉండాలి. రసమట్టంతో చూసిన తర్వాతే పూర్తి వెల్డింగ్ చేయమనండి. కొలతకని మానిటర్‌ను షాపుకి తీసుకెళ్లకండి, నిప్పురవ్వలు స్క్రీన్ మీద పడితే మచ్చ పోదు. అట్టముక్క మీద చిల్లులు గీసి తీసుకెళితే చాలు. స్టాండు కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి ఉండాలి, మానిటర్ల బరువు ఆ రెండిటి మధ్యే పడాలి. అయినా సరే, కాళ్లను టేబుల్‌కి బోల్టులతో బిగించాల్సిందే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది అస్సలు వదలొద్దు.

కొన్నదైనా చేయించినదైనా గోడకు బిగించాలంటే, అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగాకే. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ వేయకండి, లోపల వైర్లు ఉంటాయి. జిప్సం పార్టిషన్ మీద ఆర్మ్ వద్దు.

చేయించిన స్టాండుకు మానిటర్ తగిలించే ముందు, ప్లేటు ఉన్నచోట మానిటర్ బరువుకు రెట్టింపు వేలాడదీయండి. 5 కిలోల మానిటర్‌కి 10 కిలోల బియ్యం సంచి. రాత్రంతా ఉంచి పొద్దున చూడండి. వంగినా, వెల్డింగ్ దగ్గర సన్నటి గీత కనిపించినా మళ్లీ షాపుకే.

బిగించే రోజు ఇంకో మనిషి తోడుండాలి. ఒకరు మానిటర్‌ను అంచులు పట్టుకుని మోస్తే ఇంకొకరు స్క్రూలు తిప్పాలి. స్క్రీన్ మీద వేళ్లు నొక్కొద్దు. కేబుళ్లు కట్టేముందు ఆర్మ్‌ను చివరిదాకా లాగి చూసి, కీలు దగ్గర అరచేయంత వదులు ఉంచండి. బిగుతుగా కడితే మానిటర్ తిప్పినప్పుడల్లా ఆ లాగుడంతా హెచ్‌డీఎంఐ పోర్టు మీదే పడుతుంది.

అంతా అయ్యాక క్లాంప్ చుట్టూ టేబుల్ మీద పెన్సిల్‌తో గీత గీయండి. వారం తర్వాత చూసినప్పుడు క్లాంప్ గీత దాటి జరిగినా, పలక కాస్త దిగినట్టు అనిపించినా, ముందు మానిటర్లు దించి పక్కన పెట్టి, ఆ తర్వాత కారణం వెతకండి.