అమెరికాలో కొత్త ఇల్లు: ఇంటి నుంచి పనికి కుర్చీ, టేబుల్

అమెరికాలో అపార్ట్‌మెంట్ దొరకగానే పరుపు, గిన్నెలు, కుక్కర్ కొనేస్తాం. కుర్చీ సంగతి మాత్రం తర్వాత చూద్దాంలే అని వదిలేస్తాం. ఈలోగా మంచం మీద ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకునో, డైనింగ్ టేబుల్ దగ్గర వంగి కూర్చునో పని నడిచిపోతుంది. మెడ పట్టేశాక గానీ గుర్తురాదు. ఇక్కడ ఫిజియోథెరపీకి వెళ్తే ఇన్సూరెన్స్ ఉన్నా చేతి డబ్బు కొంత పడుతుంది. అందుకే సోఫా కంటే ముందు కుర్చీ కొనుక్కోండి.

కొనే ముందు టేపుతో ఒక కొలత తీసుకోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, భుజాలు వదులుగా పెట్టి, మోచేతులు మడిచి కూర్చోండి. నేల నుంచి మోచేతి దాకా ఎంత ఎత్తుందో ఇంట్లో వాళ్లతో కొలిపించుకోండి. ఐదడుగుల మూడంగుళాల మనిషికి అది 25 అంగుళాల దరిదాపుల్లో వస్తుంది. ఇక్కడ షాపుల్లో దొరికే మామూలు టేబుళ్లు 29 నుంచి 30 అంగుళాలు ఉంటాయి. మన ఇళ్లలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే. టైప్ చేసినంతసేపూ భుజాలు పైకి ఎగదీసుకునే ఉంటాయి. సాయంత్రానికి నొప్పి. అలాంటి టేబుల్ ఇప్పటికే ఉంటే కుర్చీ పైకి లేపి, పాదాల కింద గట్టి పీట వేసుకోండి. టేబుల్ కింద బిగించే కీబోర్డ్ ట్రే అయినా సరే.

లేచి నిలబడి పనిచేసే ఎలక్ట్రిక్ టేబుల్ కొంటుంటే అది ఎంత పైకి లేస్తుందన్నది కాదు, ఎంత కిందికి దిగుతుందో అడగండి. కాళ్లలో రెండు భాగాలే ఉన్నవి మామూలుగా 28 అంగుళాల దగ్గర ఆగిపోతాయి. మూడు భాగాలవి 24 దాకా దిగుతాయి. ధర ఎక్కువైనా పొట్టివాళ్లకు అవే నయం.

కుర్చీ విషయంలో నా మాట ఒకటే: అదే డబ్బుకు కొత్త గేమింగ్ ఛైర్ కంటే ఆఫీసుల నుంచి వచ్చిన పాత స్టీల్‌కేస్, హెర్మన్ మిల్లర్ కంపెనీల కుర్చీ మేలు. పాత ఆఫీస్ ఫర్నిచర్ అమ్మే షాపులు పెద్ద ఊళ్లన్నింటిలో ఉంటాయి. హెర్మన్ మిల్లర్ వాళ్ల ఏరాన్ మోడల్ అయితే వీపు ఆనే భాగం పైఅంచు వెనక వేలితో తడిమి చూడండి. చిన్న చుక్కలు తగులుతాయి. ఒకటుంటే ఎ సైజు, రెండుంటే బి, మూడుంటే సి. ఎ చిన్న శరీరాలకు. వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. అయిదు నిమిషాలు కూర్చోండి, సీటు మెల్లగా కిందికి జారిపోతుంటే సీటును పైకి నిలబెట్టే గ్యాస్ సిలిండర్ పోయినట్టే, ఆ మేరకు బేరమాడండి.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చూసినవాటికి వస్తువు కళ్లారా చూడకుండా జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) అడ్వాన్స్ పంపొద్దు. రోడ్డు పక్కన పారేసిన గుడ్డ కుర్చీలు ఎంత బాగున్నా ఇంటికి తేవొద్దు, నల్లులు పట్టాయంటే వదిలించుకోవడం నరకం.

ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీద పెట్టి కళ్ల ఎత్తుకు లేపండి, విడిగా కీబోర్డ్, మౌస్ పెట్టుకోండి. కార్పెట్ ఉంటే చక్రాల కింద ఛైర్ మ్యాట్ వేయండి, లేకపోతే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడొచ్చు.

డబ్బు కట్టే ముందు మేనేజర్‌నో, హెచ్‌ఆర్‌నో ఒక్క మాట అడగండి. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఉద్యోగానికి అవసరమైన ఖర్చు కంపెనీయే తిరిగివ్వాలని చట్టం ఉంది. మిగతా చోట్ల కూడా కొన్ని కంపెనీలు ఇస్తాయి, అడిగినవాళ్లకే.