ఎండలు ముదరక ముందే: మొటిమలు వచ్చే ముఖానికి జాగ్రత్తలు

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మొటిమలు వచ్చే ముఖం ఉన్నవాళ్లు వేసవికి సిద్ధపడవలసింది సరిగ్గా అప్పుడే. చాలామంది ఏప్రిల్ నెలాఖరులో, ముఖం నిండా పొక్కులు లేచాక, పెళ్లికో ప్రయాణానికో పది రోజులుందనగా మందు కోసం పరుగెత్తుతారు. మొటిమలకు నిజంగా పనిచేసే మందు ఏదైనా, ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పైగా మొదటి మూడు నాలుగు వారాలు చర్మం ఎండిపోతుంది, పొట్టు లేస్తుంది, కొంచెం మండుతుంది. ఆ దశ ఫిబ్రవరి, మార్చి నెలల్లో గడిచిపోతే ఓర్చుకోవచ్చు. రోహిణి కార్తెలో పడితే తట్టుకోలేక మందే మానేస్తారు.

అసలు ఏం జరుగుతుందో ముందు తెలుసుకుంటే సగం పొరపాట్లు తగ్గుతాయి. ముఖం మీద ప్రతి రోమకూపానికీ ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్లు పెరగగానే ఆ గ్రంథులు పెద్దవై ఎక్కువ నూనె వదులుతాయి. రంధ్రం మూతి దగ్గర మృతకణాలు రాలిపోకుండా అతుక్కుని బిరడాలా అడ్డం పడతాయి. లోపల నిలిచిన నూనెలో బ్యాక్టీరియా పెరిగి, వాపు వచ్చి, ఎర్రబడి చీము పడుతుంది. బిరడా పైకి తెరుచుకుని ఉంటే నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు మురికి కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్. అందుకే ఎంత తోమినా పోదు. ఎండాకాలంలో చర్మం వేడెక్కి నూనె మరింత కారుతుంది. చెమటకు నాని పైపొర ఉబ్బి, రంధ్రాల మూతులు ఇంకా బిగుసుకుంటాయి. దాని మీద దుమ్ము, చున్నీ రాపిడి, రోజుకు ఐదారు సార్లు సబ్బుతో కడగడం తోడైతే మేలో ముఖం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

సబ్బు సంగతి కాస్త నిలబడి చెప్పుకోవాలి. జిడ్డు కనిపించగానే కడిగేయాలనిపించడం సహజం. కానీ ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా పులుపు గుణంతో ఉంటుంది, మామూలు ఒంటి సబ్బు క్షారం. బోరు నీళ్లలోని ఉప్పులతో కలిసి ఆ సబ్బు తెల్లటి పొరలాగా బకెట్ అంచుకు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. అదే పొర ముఖం మీదా మిగులుతుంది. కడిగిన ఐదు నిమిషాలకు చర్మం బిగుసుకుని చిటపటలాడిందంటే అది శుభ్రపడినట్టు కాదు, దాని రక్షణ పొర దెబ్బతిన్నట్టు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, నురగ తక్కువగా వచ్చే మెత్తని ఫేస్‌వాష్ చాలు. మధ్యాహ్నం చెమట పడితే మంచినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దుకోండి. తువ్వాలుతో రుద్దకండి. ఆ తువ్వాలు కూడా ఇంటిల్లిపాదీ వాడేది కాకుండా మీకొక్కరికే ఉండాలి.

ఇక రోజువారీ క్రమం. ఎన్ని సీసాలు కొంటే అంత మంచిదనే నమ్మకాన్ని ముందు వదిలించుకోవాలి. ఉదయం ఫేస్‌వాష్, తేలికపాటి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. రాత్రి ఫేస్‌వాష్, ఒక మందు, మళ్లీ మాయిశ్చరైజర్. ఇంతే. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకని అడుగుతారు. మొటిమల మందులు చర్మాన్ని ఎండబెడతాయి, ఎండిన చర్మం మండుతుంది, మంటకు భయపడి మందు మానేస్తారు. ఆ వరుసను తెంపేది మాయిశ్చరైజరే. రంధ్రాలను మూయనిదని రాసి ఉన్న జెల్ రకం తీసుకోండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా పిండితే ఎంత వస్తుందో అంత ముఖానికి, మెడకు కావాలి. బయట తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాసుకోవాలి. మనలాంటి చామనఛాయ చర్మానికి ఇది మరీ ముఖ్యం. మొటిమ పది రోజుల్లో తగ్గిపోతుంది, అది వదిలిన నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. అద్దం ముందు నిలబడి చాలామంది బాధపడేది మొటిమ గురించి కాదు, ఈ మచ్చ గురించే.

రాత్రి మందుల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది. 2.5 శాతంతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే 10 శాతం దానితో మంట పెరుగుతుంది గానీ గుణం పెద్దగా పెరగదు. ఇది బట్టల రంగు తినేస్తుంది. నా నీలం రంగు దిండు గలీబు మీద ఇప్పటికీ చెంప ఆకారంలో నారింజ మరక ఉంది. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు వాడండి. శాలిసిలిక్ ఆమ్లం 2 శాతం వరకు ఉండేది బ్లాక్‌హెడ్స్‌కు పనికొస్తుంది. మూడోది అడాపలీన్, విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు. బిరడా కట్టడాన్నే ఆపుతుంది కాబట్టి నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. అయితే డాక్టరు సలహా మీదే మొదలుపెట్టాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. వాళ్లకు అజెలాయిక్ ఆమ్లం వంటివి డాక్టర్లు సూచిస్తారు.

అడాపలీన్ రాసుకునే పద్ధతిలోనే అంతా ఉంది. ముఖం కడిగిన వెంటనే తడి మీద రాయకండి. పూర్తిగా ఆరనివ్వండి, పావుగంట ఆగినా మంచిదే. వేలికొన మీద బఠాణీ గింజంత తీసుకుని నుదుటి మీద ఒక చుక్క, రెండు చెంపల మీద రెండు, గడ్డం మీద ఒకటి పెట్టి, వాటిని పలుచగా పరచాలి. మొటిమ ఉన్నచోటే కాదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా. కంటి మూలలు, ముక్కు పక్కల మడతలు, పెదవుల అంచులు వదిలేయండి, అక్కడ చర్మం త్వరగా పగులుతుంది. మొదటి రెండు వారాలు మూడు రాత్రులకు ఒకసారి, తర్వాత రాత్రి విడిచి రాత్రి, తట్టుకుంటే రోజూ. మరీ మండేవాళ్లు ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద మందు రాయవచ్చు. మొదట్లో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కనిపిస్తే కంగారు పడి ఆపకండి. ఏ కొత్త క్రీమునైనా ముందు దవడ కింద చిన్నచోట మూడు నాలుగు రోజులు రాసి చూడండి. రెండు కొత్తవి ఒకే వారంలో మొదలుపెడితే దురద దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. నేను డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో ఒక చిన్న ట్యూబు చేతులు మారుతూ ఉండేది. ఎవరో మందుల దుకాణంలో మొటిమలకని అడిగితే ఇచ్చారట. రాసుకున్న మూడో రోజుకే నా ముఖం నున్నగా, ఒక ఛాయ తెల్లగా అయింది. మూడు నెలలు వాడాను. పరీక్షల సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ట్యూబు అయిపోయింది. వారం తిరగకుండా చెంపలు మండిపోసాగాయి. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేదాన్ని. కొత్త మొటిమలు గుత్తులు గుత్తులుగా లేచాయి, పై పెదవి మీద నూగు పెరిగింది, చర్మం కింద ఎర్రటి సన్న నరాలు కనిపించాయి. మళ్లీ రాస్తే తగ్గేది, ఆపితే రెట్టింపయ్యేది. అది స్టెరాయిడ్ క్రీము. దాన్ని వదిలించుకోవడానికి చర్మ వైద్యురాలి దగ్గర ఏడాదికి పైగా పట్టింది.

ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపి మూడు మందుల క్రీముగా కూడా అమ్ముతారు. మంగు మచ్చలకు డాక్టరు కొద్ది వారాలు రాసే మందును తెల్లబడటానికి నెలల తరబడి రాసుకునేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు మార్చి, ఇలాంటి స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా చేతికి అందుతూనే ఉన్నాయి. మూడు రోజుల్లో మొటిమలు మాయం చేసిన ఏ క్రీమునైనా అనుమానించండి. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఉన్నపళంగా ఆపేసి ఒంటరిగా బాధపడకండి, చర్మ వైద్యులకు చూపించి వాళ్లు చెప్పిన తీరులో మానండి.

వేసవిలో పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి మరో మాట. ముహూర్తానికి వారం ముందు మొదటిసారి ఫేషియల్, బ్లీచింగ్ చేయించుకోకండి. చీము పట్టిన మొటిమల మీద నలుగు పెట్టి గట్టిగా రుద్దితే అవి చితికి మచ్చలు మిగులుతాయి. నలుగు ఒంటికి పెట్టించుకోండి, ముఖానికి పసుపు తాకించి వదిలేయమని పెద్దవాళ్లకు నచ్చజెప్పండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్లబడుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా కూడా అంతే, మేలు లేదు, మంట ఉంది.

చలవకని నడినెత్తిన ఆముదమో కొబ్బరి నూనో రాసుకోవడం మన ఇళ్లలో మామూలే. దాన్ని మానమని నేననను. రాత్రంతా ఉంచుకుంటే నుదుటి మీదికి జారి అక్కడ వరుసగా చిన్న పొక్కులు లేస్తాయి. తలస్నానానికి గంట ముందు రాసుకుని, జుట్టు కడిగాక చివర్లో ముఖం కడుక్కోండి.

స్కూటీ మీద చున్నీ బిగించి ముఖం కప్పుకునేవాళ్లు నూలుదే కట్టుకోండి, రోజూ ఉతకండి. హెల్మెట్ లోపలి మెత్తను విప్పగలిగితే వారానికోసారి ఉతికి ఎండబెట్టండి, గడ్డం పట్టీని తుడవండి. గడ్డం, దవడ మీదే మొటిమలు వచ్చేవాళ్లలో కొందరికి కారణం ఈ రాపిడే. అయితే అమ్మాయిలకు అదే చోట మొటిమలతో పాటు నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు గట్టిపడుతుంటే క్రీములతో కాలం గడపకుండా పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్ష చేయించుకోవాలి.

తిండి దగ్గరికి వస్తే, మామిడి పళ్ల కాలంలో ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ‘వేడి చేసింది’. మామిడి పండే మొటిమలు తెస్తుందనడానికి గట్టి రుజువు లేదు. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తిండికి, మొటిమలకు సంబంధం మాత్రం కనిపిస్తోంది. భోజనం తర్వాత ఒక పండు తినండి. పంచదార కలిపిన రసం గ్లాసులకు గ్లాసులు, శీతల పానీయాలు, స్వీట్లు తగ్గించండి. వ్యాయామశాలకు వెళ్లే కుర్రవాళ్లు పాల నుంచి తీసిన వే ప్రొటీన్ పొడి మొదలుపెట్టాక మొటిమలు పెరిగాయేమో గమనించుకోవాలి. బి12 ఇంజెక్షన్లు, మాత్రలు కూడా కొందరిలో మొటిమలు తెస్తాయి.

నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద అన్నీ ఒకే పరిమాణంలో, దురద పెట్టే చిన్న పొక్కులు చెమట రోజుల్లో లేస్తే అవి మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చేవి అచ్చం అలాగే ఉంటాయి. యాంటీబయాటిక్ వాడితే అవి ఇంకా పెరుగుతాయి, వాటికి ఫంగస్ మందు కావాలి. మొటిమకు సాధారణంగా దురద తక్కువ, పరిమాణంలో తేడా ఎక్కువ.

డాక్టరు మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు రాసి ఉంటే ఎండ విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం, దానితో చర్మం త్వరగా కమిలిపోతుంది. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి, వేసుకోగానే పడుకోకండి. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లకు పెదవులు పగులుతాయి, కళ్లు ఎండుతాయి. ఆ మందు కడుపులోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది కాబట్టి స్త్రీలు వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. స్నేహితురాలి చీటీతో కొని వేసుకునే మందు కాదది.

లోతుగా, ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు వస్తున్నా, మానినచోట గుంటలు పడుతున్నా, సక్రమంగా 12 వారాలు వాడినా మార్పు లేకున్నా, ముఖం చూసుకోలేక బయటికి వెళ్లడం మానేస్తున్నా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. గుంటలు పడ్డాక సరిచేయడం కష్టం, ఖర్చు. వెళ్లేటప్పుడు ముఖానికి ఏమీ పూసుకోకండి. ఇంట్లో ఉన్న ట్యూబులు, సీసాలు, ఖాళీవైనా సరే, పేరు చెరిగిపోయినవైనా సరే, ఒక సంచిలో వేసి తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి.