కాటా లేనప్పుడు బాదం, జీడిపప్పు కప్పుతో కొలవాలంటే

రెసిపీలో 100 గ్రాముల బాదం అని ఉండి, ఇంట్లో కాటా లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు, కప్పుతోనే కొలిచేయొచ్చు. కాకపోతే పప్పు ఏ రూపంలో ఉందో చూసుకోకుండా కొలిస్తే మాత్రం లెక్క బాగా తప్పుతుంది.

240 మిల్లీలీటర్ల కప్పులో తరగని బాదం సుమారు 140 గ్రాములు పడుతుంది, అంటే 100 గ్రాములకి ముప్పావు కప్పు కంటే కాస్త తక్కువ. అదే బాదాన్ని పల్చటి రేకుల్లా తరిగితే కప్పుకి 90 గ్రాములే వస్తుంది, ఎందుకంటే రేకులు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి మధ్యలో బోలెడు ఖాళీ వదిలేస్తాయి. వాల్‌నట్స్‌ది రివర్స్. సగం చెక్కలు వంకర టింకరగా ఉంటాయి కాబట్టి కప్పుకి 100 గ్రాములే, ముక్కలు చేస్తే 115-120 దాకా సర్దుకుంటాయి. జీడిపప్పు 130-140 అనుకోండి.

రెసిపీని కాస్త జాగ్రత్తగా చదవండి. "తరిగిన బాదం ఒక కప్పు" అంటే ముందు తరిగి తర్వాత కొలవాలి, "ఒక కప్పు బాదం, తరగాలి" అంటే ముందు కొలిచి తర్వాత తరగాలి. ఈ రెండూ ఒకటి కాదు!

బాదం పొడి కప్పుకి దాదాపు 100 గ్రాములు, కానీ గట్టిగా అదిమితే ఇంకా ఎక్కువ పట్టేస్తుంది, కేక్ బరువెక్కుతుంది. చెంచాతో పొడిని వదులు చేసి, కప్పులోకి మెల్లగా వేసి, చాకు వీపుతో పైన గీసేయండి. పైన చల్లుకోవడానికైతే ఇంత లెక్క అక్కర్లేదు, గుప్పెడు వేసేయండి.