వానలు మొదలయ్యేలోపు రోడ్ బైక్‌కి ఏం కొనాలి, ఏం మానుకోవాలి

రోడ్ బైక్, అంటే సన్న టైర్ల వేగపు సైకిల్, కొన్న మొదటి ఏడాది వానాకాలం ముందు నేను చేసిన ఘనకార్యం, ఎత్తు రిమ్ముల కార్బన్ చక్రాల కోసం డబ్బు దాచుకోవడం. టైర్లు మాత్రం సైకిల్‌తో పాటు వచ్చినవే. నడిమి భాగం గుండ్రదనం పోయి బల్లపరుపుగా అరిగిపోయింది. మొదటి ముసురులోనే ఒకే పూట మూడు పంక్చర్లు అయ్యాయి. మూడోసారి టైరు పూర్తిగా ఊడదీస్తే తెలిసింది, మొదటి పంక్చర్ చేసిన గాజు ముక్క ఇంకా రబ్బరులోనే ఉందని. ఆవగింజంత కూడా లేదు. లోపలివైపు వేలితో నెమ్మదిగా తడిమితే చురుక్కుమని తగిలింది. ఆ పని మొదటిసారే చేసి ఉంటే రెండు ట్యూబులు మిగిలేవి.

ఆ తర్వాత నా కొనుగోళ్ల వరస మారింది. ముందు నేలను తాకేవి, తర్వాత ఆపేవి, ఆ తర్వాత ఎదుటివాళ్లకు మనల్ని చూపించేవి. వేగం పెంచేవాటి సంగతి రోడ్లు ఆరాక చూసుకోవచ్చు.

వానలో పంక్చర్లు ఎక్కువవడం మన భ్రమేమీ కాదు. వాననీళ్లు గాజు పెంకుల్ని, సన్న రాళ్లని సరిగ్గా మనం తొక్కే రోడ్డు అంచుకే కొట్టుకొస్తాయి. తడి రబ్బరుకు అవి ఇట్టే అంటుకుంటాయి, తడి మీద రబ్బరు తేలిగ్గా తెగుతుంది కూడా. అందుకే పంక్చర్‌ని అడ్డుకునే పొర ఉన్న టైర్లు ఈ కాలంలో అన్నిటికన్నా గిట్టుబాటయ్యే కొనుగోలు. 23, 25 మి.మీ. వెడల్పు టైర్ల బదులు 28 వేయగలిగితే ఇంకా మంచిది. వెడల్పు టైరుతో స్పీడు తగ్గుతుందన్న మాట పాతబడిపోయింది. కాస్త తక్కువ గాలితో నడపొచ్చు కాబట్టి గతుకుల మీద ఎగిరిపడకుండా నేలను అంటిపెట్టుకుని పోతుంది.

అయితే కొనే ముందు ఫ్రేములో, ఫోర్కులో, బ్రేకు కింద ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. టైరుకి అన్ని వైపులా ఓ 4 మి.మీ. ఖాళీ లేకపోతే బురద ఇరుక్కుని చక్రం రాసుకుంటుంది. చక్రం అంచును (రిమ్మును) నొక్కి ఆపే పాత రిమ్ బ్రేకుల్లో చాలావాటికి 28 పట్టదు. పట్టినా, టైరు మీద 28 అని రాసి ఉన్నది వెడల్పు రిమ్ము మీద ఎక్కించాక 30 దాకా రావచ్చు. రిమ్ము హుక్‌లెస్ రకమైతే, అంటే టైరు అంచును పట్టుకునే కొక్కెం లేనిదైతే, గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు. ఆ రిమ్ముకు సరిపడుతుందని తయారీదారు చెప్పిన టైరే వేయాలి. ఇందులో సర్దుబాటు కుదరదు.

గీతలున్న టైరు వానకి బాగుంటుందా అని చాలామంది అడుగుతారు. కారు టైరుకి గాడులు కావాలి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది. మనం వెళ్లే వేగంలో అది నీళ్ల మీద తేలదు. పట్టు ఇచ్చేది గీతలు కాదు, రబ్బరు. నిజంగా జారేది రోడ్డు మీది తెల్ల గీతల దగ్గర, ఇనుప మూతల దగ్గర, తొలి వానకి పైకి తేలిన ఆయిల్ మీద. అక్కడ ఎంత ఖరీదైన టైరూ కాపాడదు. సైకిల్‌ని వంచకుండా, బ్రేకు నొక్కకుండా నిటారుగా దాటిపోవాల్సిందే.

బ్రేకుల విషయానికొస్తే, రిమ్ బ్రేకున్నవాళ్లు ముందు ప్యాడ్లు విప్పి చూడండి. నల్లటి రబ్బరులో చిన్న చిన్న వెండి మెరుపులు కనపడితే అవి రిమ్ము నుంచి రాలిన అల్యూమినియం తునకలు. పిన్నీసుతో పీకేయండి. వదిలేస్తే గరగరమంటూ రిమ్మునే తినేస్తాయి. ప్యాడ్ మీది గాడులు అరిగిపోయి ఉంటే కొత్తవి వేయండి. అంత తక్కువ ఖర్చుతో అంత తేడా తెచ్చే అప్‌గ్రేడ్ ఇంకోటి నాకు కనపడలేదు. కార్బన్ రిమ్ముకి మాత్రం దానికి చెప్పిన ప్యాడ్లే వాడాలి. రిమ్ బ్రేకుతో కార్బన్ చక్రాలు తడిలో సరిగ్గా ఆగవు. నేను డబ్బు దాచుకున్నది వాటి కోసమే అన్నది వేరే సంగతి.

చక్రం మధ్యలోని ఇనుప పళ్లాన్ని నొక్కి ఆపే డిస్క్ బ్రేకుకి మెటల్ ప్యాడ్లు బురదలో ఎక్కువ కాలం వస్తాయి. కానీ కొన్ని డిస్కుల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని చెక్కి ఉంటుంది, ముందు అది చదవండి. కొత్త ప్యాడ్లు వేయగానే వానలోకి దిగొద్దు. పొడి రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి చక్రం బిగుసుకుపోకుండా ఓ ఇరవైసార్లు నెమ్మదించి అరగదీయాలి. చైనుకి స్ప్రే ఆయిల్ కొట్టేటప్పుడు ఒక్క తుంపర డిస్కు మీద పడినా ఆ కష్టమంతా పోయినట్టే. డ్రాపర్ సీసాలో వచ్చే వెట్ లూబ్ (తడికి కొట్టుకుపోని చైన్ ఆయిల్) వాడండి, వేశాక పైపైన ఉన్నది గుడ్డతో తుడిచేయండి. చైన్ ఎంత సాగిందో కొలిచే గేజ్ ఒకటి ఉంచుకోండి. వెనక 11, 12 గేర్లున్న సైకిల్ చైన్ 0.5 శాతం సాగితే మార్చేయాలి, లేదంటే అది క్యాసెట్‌ని (వెనక చక్రం పళ్ల చక్రాల గుత్తిని) కూడా పాడుచేస్తుంది.

మడ్‌గార్డు అనగానే అందరికీ వీపు మీద పడే బురద గుర్తొస్తుంది కాబట్టి వెనకది కొంటారు. నన్నడిగితే ముందుది కూడా అంతే ముఖ్యం. బూట్లు, పెడళ్ల దగ్గరి బేరింగులు, చైన్ అన్నీ తడిసేది ముందు చక్రం చిమ్మే నీళ్లతోనే. దాని కడ్డీలు గట్టిగా బిగించాలి. వదులైన ముందు మడ్‌గార్డు చక్రంలో ఇరుక్కుంటే మనిషి పల్టీ కొడతాడు. లాగితే ఊడిపోయే సేఫ్టీ క్లిప్పులున్న రకం దొరికితే అదే తీసుకోండి.

లైటు కొనేటప్పుడు ల్యూమెన్ల (వెలుగు కొలత) లెక్క చూసి మురిసిపోకండి. ముసురులో పగలు కూడా వెనక లైటు వెలగాలి. నీటి రక్షణ ఐపీఎక్స్4 అంటే చిందే నీళ్లకి ఆగుతుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. ఏదైనా సరే, ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత తెరిచి ఉంటే ఆ లెక్కలేవీ పనిచేయవు. సీటు కింద వేలాడే సంచీ లైటుకి అడ్డం రాకుండా కూడా చూడండి.

సంచీలో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు ఉండాలి. గ్యాస్ కార్ట్రిడ్జ్ త్వరగా నింపుతుంది కానీ వాల్వ్ దగ్గర చెయ్యి వణికితే మొత్తం ఒక్క బుస్సుతో ఖాళీ. పంపు మాత్రం ఎన్నిసార్లయినా కొడుతుంది. ఎత్తు రిమ్ములుంటే ట్యూబు వాల్వ్ పొడవు ఇంట్లోనే సరిచూసుకోండి, వానలో నిలబడి కాదు. తేలికైన టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబుల్లో కొన్ని రిమ్ బ్రేకు వేడికి పనికిరావు, డబ్బా మీద ఆ ముక్క వెతకండి.

సెరామిక్ బేరింగులు, పెద్ద జాకీ చక్రాలు (వెనక గేరు దగ్గర చైన్‌ని నడిపించే చిన్న చక్రాలు), టైటానియం బోల్టులు ఈ కాలంలో శుద్ధ దండగ. వాటి బదులు బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొనండి. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ బోల్టుల మీద 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటే చేతి అంచనాతో బిగించి కార్బన్ గొట్టాన్ని పగలగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఇవన్నీ బిగించాక వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. ఖాళీ స్థలంలో సుద్దముక్కతో గీత గీసి, మామూలు వేగంతో వచ్చి గీత దగ్గర రెండు బ్రేకులూ నొక్కండి. ఆగినచోట ఇంకో గీత. ఇప్పుడు రిమ్ములకో, డిస్కులకో ఓ బాటిల్ నీళ్లు బాగా పోసి అదే వేగంతో మళ్లీ రండి. ఈసారి రెండో గీత దాటి ఎన్ని అడుగులు ముందుకెళ్లి ఆగారో కొలవండి. వానలో ముందు వెళ్లే బండికి, మీకూ మధ్య మామూలుగా ఉంచే దూరానికి అన్ని అడుగులు కలుపుకోండి.