చాట్ మెసేజ్‌లతోనే రాత సాధన

సోషల్ మీడియా వల్ల విద్యార్థుల రాత పాడవుతోంది అనగానే అందరూ స్పెల్లింగుల మీద పడతారు. అవి దిద్దితే పోతాయి. అసలు దెబ్బ తగిలేది వాక్యాల మధ్య లంకెకు. ట్విట్టర్‌లో మొదట 140 అక్షరాలే హద్దు, 2017లో దాన్ని 280 చేశారు. చాట్‌లో అంత ఇరుకు లేకపోయినా ముక్కముక్కలుగానే పంపుతాం: "ల్యాబ్ లేదు", "సార్ రాలేదు", "రేపే అంట". అవతలివాళ్లకు సందర్భం తెలుసు కాబట్టి సరిపోతుంది. జవాబు పత్రం దిద్దేవాళ్లకు తెలియదు కదా!

అందుకే ఇలా చేసి చూడండి. మీరు పంపిన నాలుగైదు మెసేజ్‌లను కాగితం మీద ఒకే పేరాగా రాయండి: "సార్ రాకపోవడంతో ఈరోజు ల్యాబ్ జరగలేదు. అయితే రేపు తప్పకుండా ఉంటుందని చెప్పారు." అయితే, కాబట్టి, అందువల్ల లాంటి మాటలు వాటంతటవే అవసరమవుతాయి. ఎమోజీ ఉన్నచోట మాత్రం కాస్త ఆగి, ఆ భావాన్ని మాటల్లో పెట్టండి. కష్టమంతా అక్కడే, లాభం కూడా అక్కడే. చాట్ మానేయాల్సిన పనేమీ లేదు, రోజూ ఏదో ఒకటి రాయడం మంచిదే. పేరా పూర్తయ్యాక విషయం తెలియనివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు "ఎవరు?", "ఎందుకు?" అని అడిగినచోట ఇంకో వాక్యం చేర్చండి.