ఉరుము వినిపించాక కల్లానికి వెళ్లొద్దు

పోయిన వారం మా పక్క ఊళ్లో ఒకాయన పిడుగు పడి చనిపోయారు. ఆరబోసిన దాళ్వా (రెండో పంట) ధాన్యం తడిసిపోతుందని, ఉరుములు మొదలయ్యాక ఇంట్లోంచి లేచి కల్లానికి వెళ్లారు. ధాన్యం మీద కప్పే బరకం ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస భార్య చేతిలో. ఆవిడ బతికారు గానీ ఒక చెవి ఇంకా సరిగ్గా వినపడటం లేదు. వాన అరగంట తర్వాత గానీ పడలేదు.

చెట్టు కింద నిలబడకూడదని మన ఊళ్లలో పిల్లలకీ తెలుసు, దాని గురించి చెప్పను. నేను ఏటా చూస్తున్న తప్పు వేరు. మనం వాన కోసం చూస్తాం, ఉరుముని లెక్కచేయం. "ఇంకా చినుకు పడలేదుగా, ఈలోపు కప్పేసి వద్దాం" అనుకుంటాం. పిడుగు చినుకు కోసం ఆగదు. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్ల అవతల, ఒక్కోసారి ఇంకా దూరంలో, నెత్తి మీద ఆకాశం తేటగా ఉండగానే పడుతుంది. ఉరుము చెవిన పడిందంటే పిడుగు మీ మీద పడేంత దగ్గరలో ఉన్నట్టే.

మెరుపులకి ప్రపంచంలో పేరుపడ్డ చోటు వెనెజులాలోని మరకైబో సరస్సు. ఏడాదికి ప్రతి చదరపు కిలోమీటరుకీ 233 మెరుపులని 2016లో ఉపగ్రహ లెక్కలు తేల్చాయి. కానీ అక్కడ మెరుపులు ఎక్కువగా రాత్రిపూట. మనకి ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి నుంచీ నేల కాగి, బంగాళాఖాతం మీది తేమ గాలి తోడై, మధ్యాహ్నం దాటాక మబ్బు లేస్తుంది. అంటే సరిగ్గా మనం పొలంలో, కల్లంలో ఉండే వేళకి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి.

పొద్దున చేయాల్సింది

విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో హెచ్చరికలు ఇస్తుంది, చూడండి. ఫోన్‌లో పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకోండి, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు చేసింది. హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడే ధాన్యం రాశి చేసి, బరకం కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టి రండి. ఎండ ఉండగా కప్పితే తేమ తగ్గదంటారు. నిజమే, ఒక పూట ఎండ పోతుంది. పోనివ్వండి. పశువుల్ని కూడా అప్పుడే చెట్టు కిందనుంచి, ఇనుప కంచె పక్కనుంచి విప్పి తోలుకురండి. పిడుగు పడినప్పుడు కరెంటు నేలలో పాకుతుంది. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పశువు ఒంట్లోంచి పోతుంది.

ఉరుము వినిపించాక

పక్కా ఇంటికో, బడికో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లండి. మోటారు షెడ్డు, తాటాకు పాక, ట్రాక్టరు కాపాడవు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు లెక్క, కానీ లెక్కపెడుతూ అక్కడే నిలబడకండి. మా నాయనమ్మ ఉరుము వినగానే "అర్జునా ఫల్గుణా" అంటూ మమ్మల్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగేసేది. అర్జునుణ్ణి తలుచుకోండి, ఇంట్లోకి వచ్చి తలుచుకోండి.

స్టార్టర్ డబ్బా ముట్టుకోవద్దు. మోటారు ఆపడానికి కూడా వెళ్లొద్దు.

పార, గునపం అక్కడే వదిలేయండి.

కూలీలు పదిమంది ఒకే బరకం కింద చేరొద్దు. ఒక్క పిడుగు చాలు అందరికీ. దూరం దూరంగా జరగండి.

ఎటూ పోలేకపోతే పాదాలు రెండూ దగ్గర పెట్టి, చెవులు మూసుకుని గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు. ఇది గత్యంతరం లేనప్పుడే, దీన్ని నమ్ముకుని పొలంలో ఉండిపోకండి.

చెరువులోంచి, వరి మడిలోంచి బయటికి రండి.

తాడి చెట్టు మీద ఉన్నవాళ్లు మొదటి ఉరుముకే దిగాలి.

ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకోవద్దు. కుళాయి కింద స్నానం వద్దు.

బరకం లేచిపోయిందని ఎవరో ఫోన్ చేస్తారు. వెళ్లొద్దు. ధాన్యం తడిస్తే మళ్లీ ఆరబెట్టుకుందాం, రంగు మారితే ధర తగ్గించి అమ్ముకుందాం. వెళ్లొద్దు.

వాన ఆగింది కదా అని కూడా వెళ్లొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకోటి ఉరిమితే మళ్లీ మొదటి నుంచి 30 నిమిషాలు.

మేస్త్రీలూ, రైతులూ, కూలీల్ని "ఈ ఒక్క మడీ అయ్యాక" అని ఆపకండి.

పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ధైర్యంగా ముట్టుకోండి. పేడలో పాతిపెట్టడాలు, మట్టి కప్పడాలు వద్దు, ఆ కాస్త సమయంలోనే ప్రాణం పోతుంది. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 సార్లకి తగ్గకుండా నొక్కుతూ ఉండండి. మీరు అలిసిపోతే పక్కవాళ్లని నొక్కమనండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి.